మన ఎండలో తులిప్ పూస్తుందా?

శ్రీనగర్ తులిప్ తోట ఫోటోలు ఏప్రిల్‌లో మన ఫోన్లలోకి వస్తాయి. వాటిని కొనాలన్న కోరిక మాత్రం మనవాళ్లకు దసరా ఆఫర్లు మొదలయ్యాకే పుడుతుంది. అందుకే సెప్టెంబరు వచ్చిందంటే నాకు వచ్చే ఉత్తరాల్లో తులిప్‌లదే రాజ్యం. ఈసారి గులాబీ పురుగులు, కరివేపాకు తెగుళ్ల ఉత్తరాలు పక్కన పెట్టి వీటికే జవాబులు రాస్తున్నాను. పాలమూరులో డిగ్రీ పిల్లలకు వృక్షశాస్త్రం చెప్పి రిటైరైనదాన్ని. జవాబు మధ్యలో పాఠం దూరితే ఓపిక పట్టండి.

ప్రశ్న: మేడం, ఏప్రిల్‌లో కశ్మీర్ టూర్ వెళ్లొచ్చాం. ఆ తులిప్ తోట చూసినప్పటి నుంచి మనసు అక్కడే ఉంది. మాకు మిద్దె తోట ఉంది. వంకాయ, టమాట, బంతి బాగానే వస్తాయి. తులిప్ పెట్టొచ్చా? మా ఆయన మాత్రం "ఈ ఎండకు గడ్డ ఉడికి కూరైపోతుంది" అని నవ్వుతున్నారు.
– గృహిణి, మిర్యాలగూడ

జవాబు: మీ ఆయన మాట మే నెలకైతే నిజమే. జనవరికి కాదు. పెట్టొచ్చమ్మా, పూయించొచ్చు కూడా. కాకపోతే ఏం కొంటున్నారో ముందే తెలిసి ఉండాలి. గులాబీ మొక్క కొంటే ఏళ్ల తరబడి పూస్తుంది. ఇక్కడ మీరు డబ్బు పెట్టేది ఒక్కసారి పూసే పువ్వుకు.

తులిప్ పుట్టిల్లు మధ్య ఆసియాలోని తియాన్‌షాన్, పామీర్ కొండలు. అక్కడ ఎండాకాలం చుక్క వాన ఉండదు, చలికాలం నేలే గడ్డకట్టుకుపోతుంది. ఆ రెండింటి నడుమ వచ్చే కొద్ది రోజుల వసంతంలోనే ఆకు వేయాలి, పూయాలి, గింజ కట్టాలి, మళ్లీ గడ్డలోకి ముడుచుకోవాలి. అంత తొందర పని కాబట్టి అది ముందే సిద్ధమై ఉంటుంది. ఎండాకాలం చివరికల్లా గడ్డ లోపల వచ్చే ఏటి మొగ్గ తయారైపోతుంది. క్లాసులో గడ్డను నిలువుగా కోసి, తెల్లటి పొరల మధ్య గింజంత మొగ్గను చూపిస్తే పిల్లలు నోళ్లు తెరిచేవాళ్లు. ఆ మొగ్గ కాడ సాగి పైకి రావాలంటే గడ్డ 12 నుంచి 16 వారాలు చలిలో గడపాలి. 9 డిగ్రీలు దాటని చలి కావాలి. అది అందకపోతే ఆకులు వస్తాయి గానీ మొగ్గ మట్టి దగ్గరే మాడిపోతుంది. మన డిసెంబరు రాత్రి మామూలుగా 15 డిగ్రీల చుట్టుపక్కల ఉంటుంది. మనం స్వెటర్లు తీస్తాం, తులిప్ మాత్రం దాన్ని చలిగా లెక్కపెట్టదు. ఆ కొరత తీర్చేది మీ ఇంట్లో ఫ్రిజ్జే.

గడ్డలు రెండు రకాలుగా అమ్ముతారు. ముందే చలిగదిలో పెట్టినవి ఒకటి, మామూలువి ఒకటి. అమ్మేవాళ్లను సూటిగా అడగండి. చలి పెట్టినవైతే డిసెంబరుకు తెప్పించుకుని వెంటనే నాటేయండి. మామూలువైతే సెప్టెంబరులోనే తెప్పించి, కాగితం సంచిలోనో వలసంచిలోనో వేసి ఫ్రిజ్‌లో కూరగాయల అరలో పెట్టండి. ప్లాస్టిక్ కవర్లో వద్దు, చెమట పట్టి బూజొస్తుంది. డీప్ ఫ్రీజర్‌లో అసలు వద్దు. ఇంకో ముఖ్యమైన మాట: ఆ మూడు నెలలు అదే ఫ్రిజ్‌లో ఆపిల్, అరటి, మామిడి లాంటి పండ్లు పెట్టకండి. పండే కాయలు వదిలే ఇథిలీన్ వాయువు గడ్డలోని మొగ్గను చంపేస్తుంది. బయటికి గడ్డ నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల మాత్రం ఏమీ మిగలదు. ఇల్లంతా పండ్లు తినేవాళ్లయితే పాత చిన్న ఫ్రిజ్ ఒకటి దీనికే వదిలేయడం మేలు.

కొనేటప్పుడు చుట్టుకొలత 12 సెంటీమీటర్లు, అంతకు మించిన గడ్డలు అడగండి. చేత్తో నొక్కితే గట్టిగా ఉండాలి, మెత్తగా ఉన్నవీ పుల్లటి వాసన వచ్చేవీ పారేయండి. డిసెంబరు రెండో సగంలో, రాత్రులు బాగా చల్లబడ్డాక నాటండి. ఎర్రమట్టి, ఇసుక, బాగా మాగిన పశువుల ఎరువు సమపాళ్లలో కలపండి. మట్టి కుండీ మంచిది, తడిపితే చల్లగా ఉంటుంది. ఎనిమిది అంగుళాల కుండీలో ఐదారు గడ్డలు, మొన పైకి ఉండేలా, ఒకదానికొకటి తగలకుండా పెట్టి పైన రెండు వేళ్ల మందం మట్టి కప్పండి. నేలలో అయితే ఇంకా లోతుగా, నాలుగైదు అంగుళాలు దించాలి. నీరు నిలవకూడదు. పైమట్టి వేలికి పొడిగా తగిలినప్పుడే పోయండి. బోరు నీళ్లలో ఉప్పు ఎక్కువైతే నల్లా నీళ్లు వాడండి. యూరియా, డీఏపీల జోలికి పోవద్దు, ఆ పువ్వుకు కావాల్సిన తిండి గడ్డలోనే ఉంది.

కుండీకి పొద్దుటి ఎండ పది గంటల దాకా చాలు. ఆ తరువాత నీడలోకి జరపాలి. మిద్దె గచ్చు మీద నేరుగా పెట్టకండి, కింద ఇటుకలు పెట్టండి. గచ్చు వేడి వేర్లను తినేస్తుంది. ఇవన్నీ కుదిరితే ఐదారు వారాల్లో, అంటే జనవరి చివరికో ఫిబ్రవరి మొదటికో పూస్తాయి. శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుందంటారు కదా, అంతకు ముందే పని పూర్తికావాలి. కాడ శ్రీనగర్‌లో చూసినంత పొడుగు రాదు. అక్కడ రెండు వారాలు నిలిచే పువ్వు ఇక్కడ నాలుగైదు రోజులే ఉంటుంది. అంత మాత్రానికి ఇంత హడావుడా అనిపిస్తే మానేయండి, తప్పేమీ లేదు.

మిద్దె తోట అన్నారు కాబట్టి ఒక ముచ్చట. కశ్మీర్‌లో పాతకాలం ఇళ్లకు మట్టి కప్పులుండేవి, వాటి మీద వసంతంలో తులిప్‌లు పూసేవి. శ్రీనగర్ జామా మసీదు కప్పు మీద పూసిన తులిప్‌ల సంగతి జహంగీర్ చక్రవర్తి తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. మీరు చూసిన తోట అంత పాతది కాదు. 2007లో దాల్ సరస్సు దగ్గర, జబర్వాన్ కొండల కింద సుమారు 30 హెక్టార్లలో తెరిచారు. అక్కడి చలికి కూడా ఆ పూల సందడి నెల రోజులే.

ప్రశ్న: ఫ్రిజ్‌లో తులిప్ గడ్డలు పెడితే మా అత్తమ్మ ఉల్లిగడ్డలనుకుని కూరలో వేస్తుందేమోనని టెన్షన్. తింటే ప్రమాదమా?
– ఉద్యోగిని, నాగర్‌కర్నూల్

జవాబు: సంచి మీద పెద్ద అక్షరాలతో రాసి పెట్టండి. అత్తమ్మకు చదవడం రాకపోతే గడ్డలు చేతికిచ్చి చూపించి చెప్పండి. తులిప్ గడ్డలో విష పదార్థాలున్నాయి, కడుపులో వికారం, వాంతులు రావొచ్చు. కుక్కలకు, పిల్లులకు ఇంకా చెడ్డది. ఎక్కువగా పట్టుకుంటే చేతి వేళ్ల చర్మం ఎర్రబడి పగులుతుంది కూడా. గడ్డలు ఏరే కూలీలకు అది పాత జబ్బే. నాటేటప్పుడు గ్లౌజులు వేసుకోండి.

అయినా దాన్ని తిని బతికిన జనం ఉన్నారు. 1944–45 చలికాలంలో జర్మన్ సైన్యం చేతిలో ఉన్న నెదర్లాండ్స్‌లో, అంటే మనం హాలండ్ అనే దేశంలో, ఘోరమైన కరువొచ్చింది. అప్పుడు అక్కడివాళ్లు గడ్డ నడుమ ఉన్న పసుపు మొలకను తీసేసి, మిగతాది ఉడకబెట్టుకుని తిన్నారు. ఆకలి చేయించిన పని అది. మీ అత్తమ్మకు ఆ అవసరం లేదు.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో నీలం తులిప్ విత్తనాలు వంద గింజల ప్యాకెట్ తెప్పించాను. ఒక్కటీ మొలవలేదు. మట్టి లోపమా?
– విద్యార్థి, కొల్లాపూర్

జవాబు: మట్టిని ఏమీ అనకు బాబూ. నీలం తులిప్ లోకంలో లేదు. ఊదా రంగువి ఉన్నాయి, నల్లవని చెప్పేవి కూడా నిజానికి ముదురు ఊదావే. ఫోటోలో కనిపించే ఆకాశనీలం కంప్యూటర్‌లో వేసిన రంగు. ఇక విత్తనం సంగతి. నిజమైన తులిప్ గింజ మొలిచినా పువ్వు చూడాలంటే ఐదు నుంచి ఏడేళ్లు పడుతుంది, అదీ ప్రతి ఏడూ చలి దొరికితే. ఇంటి తోటకు తులిప్ విత్తనం అమ్ముతున్నారంటేనే అనుమానించాలి. గడ్డ తప్ప ఇంకేదీ కొనొద్దు.

ప్రశ్న: అమ్మా, మాది మగ్గం పని. బెంగళూరు నుంచి ఒకావిడ తులిప్ బుటాతో చీర కావాలంది. ఫోన్‌లో వెతికితే కొన్ని గుడ్డులా గుండ్రంగా, కొన్ని బాణంలా సన్నగా ఉన్నాయి. ఏది అసలైంది? గ్రాఫ్ వేయాలంటే తెలియాలి కదా.
– చేనేత కళాకారుడు, గద్వాల

జవాబు: ఈ నెల నాకు బాగా నచ్చిన ప్రశ్న మీదేనన్నా. రెండూ అసలైనవే, ఊళ్లు వేరు. గుండ్రంగా గిన్నెలా ఉన్నది హాలండ్ తులిప్, అక్కడ వందల ఏళ్లు సంకరం చేసి పెంచింది. సన్నగా, రేకుల కొసలు సూదుల్లా తేలి ఉన్నది ఇస్తాంబుల్ తులిప్, హాలండ్ దానికన్నా పాతది.

తులిప్‌ను తోటలోకి తెచ్చి మురిపెంగా పెంచింది ముందు తుర్కులు, ఇరానీయులు. ఇస్తాంబుల్‌లో రుస్తుం పాషా మసీదు 1560ల్లో కట్టింది. దాని గోడల నిండా ఇజ్నిక్ అనే ఊళ్లో చేసిన రంగురంగుల పింగాణీ పలకలు, ఆ పలకల నిండా తులిప్‌లే. తుర్కుల అభిరుచి ప్రకారం మంచి తులిప్ అంటే బాదం గింజ ఆకారంలో ఉండాలి, రేకులు ఒకదానికొకటి ఆనుకుని, కొసలు కత్తి మొనల్లా ఉండాలి. సుల్తాన్ మూడో అహ్మద్ కాలంలో, 1718 నుంచి 1730 దాకా, ఈ పిచ్చి ఎంతగా ముదిరిందంటే చరిత్రకారులు ఆ కాలానికే తులిప్ యుగమని పేరు పెట్టారు. గడ్డల ధరలు హద్దు దాటకుండా సర్కారే రేట్ల పట్టికలు వేసింది. రాత్రి విందుల్లో తాబేళ్ల వీపుల మీద కొవ్వొత్తులు వెలిగించి తులిప్ మడుల మధ్య వదిలేవాళ్లట. ఆ దుబారా చూసి కడుపు మండిన జనం 1730లో తిరగబడ్డారు. పాట్రోనా హలీల్ అనేవాడు ముందు నడిచాడు, సుల్తాన్ గద్దె దిగాడు.

మన వైపు కూడా ఆ బొమ్మ వచ్చింది. కాబూల్ కొండల్లో ఎన్ని రకాల తులిప్‌లున్నాయో బాబర్ మనుషుల్ని పెట్టి లెక్కించాడు, 32 లేదా 33 అని రాసుకున్నాడు. ఆయన మునిమనవడు జహంగీర్ కొలువులో చిత్రకారుడు మన్సూర్ కశ్మీర్ ఎర్ర తులిప్‌ను 1620 ప్రాంతంలో గీశాడు. ఫోన్‌లో ఆ బొమ్మ దొరుకుతుంది, గ్రాఫ్ వేసే ముందు తప్పకుండా చూడండి. పువ్వు, ఆకు, కాడ ఒక్కొక్కటీ ఎక్కడ ఎలా వంగాలో అందులో ఉంది.

ఇక గ్రాఫ్ సంగతి. తులిప్‌కు ఆరు రేకులు, బయట మూడు, లోపల మూడు. పక్క నుంచి చూస్తే ముందు ఒకటి నిండుగా, అటూ ఇటూ సగం సగం కనిపిస్తాయి. కాడకు ఒక్కటే పువ్వు. ఆకులు రెండు నుంచి నాలుగు, అడుగు నుంచి లేస్తాయి, వెడల్పుగా మొదలై కొసకు సన్నబడతాయి. పువ్వు కిందే గులాబీ ఆకుల్లాంటివి వేసే డిజైన్లు చూశాను. అలా వేస్తే తులిప్ తెలిసినవాళ్లు నవ్వుతారు. నన్నడిగితే సన్న తులిప్పే వేయండి. గుండ్రటిది చిన్న బుటాలో తామర మొగ్గలా కనబడుతుంది, అది గద్వాల చీరల్లో కొత్తేం కాదు. సన్నదైతే జరీ పోగుకు ఆ సూది కొసలు బాగా పలుకుతాయి.

ప్రశ్న: ఒక తులిప్ గడ్డ ధరకు ఇల్లు వచ్చేదని ఎకనామిక్స్ సార్ చెప్పారు. నిజమేనా మేడం? జనానికి అంత పిచ్చి ఎందుకు పట్టింది?
– డిగ్రీ విద్యార్థిని, మహబూబ్‌నగర్

జవాబు: మీ సార్ చెప్పింది కథ కాదు. కథలో ఉన్న మసాలా కొంచెం తీసేయాలి, అంతే.

తుర్కీ నుంచి ఐరోపాకు తులిప్ 16వ శతాబ్దం నడుమ చేరింది. ఆస్ట్రియాను ఏలిన హాబ్స్‌బర్గ్ రాజుల తరఫున తుర్కీలో ఉన్న రాయబారి బుస్బెక్ తెచ్చాడని చాలాచోట్ల రాస్తారు. ఆయన ఒక్కడే తెచ్చాడనుకోనక్కర్లేదు. స్విస్ పండితుడు కాన్రాడ్ గెస్నర్ 1559లో జర్మనీలోని ఆగ్స్‌బర్గ్‌లో ఒక తోటలో ఎర్ర తులిప్ పూసి ఉండగా చూసి వర్ణించాడు. 1593లో క్లూసియస్ అనే వృక్షశాస్త్రవేత్త హాలండ్‌లోని లైడెన్ విశ్వవిద్యాలయం తోటకు అధిపతిగా వచ్చాడు, తన గడ్డలు తెచ్చి నాటాడు. మరుసటి వసంతంలో అవి పూశాయి. అడిగినవాళ్లకు అమ్మడానికి ఆయన ఇష్టపడలేదు, దొంగలు వచ్చి తవ్వుకుపోయారు. హాలండ్ తులిప్ వ్యాపారంలో ఆ దొంగ గడ్డలకూ వాటా ఉంది.

ఆ తరువాత నలభై ఏళ్లకు హాలండ్ ఐరోపాలోనే డబ్బున్న దేశం. ఆ డబ్బులో కొంత మన వైపు నుంచి కూడా పోయింది. హాలండ్‌వాళ్ల డచ్చి ఈస్టిండియా కంపెనీకి అప్పటికే మచిలీపట్నంలో స్థావరం ఉంది, గోల్కొండ రాజ్యంలో నేసిన బట్ట అక్కడి నుంచే ఓడలెక్కేది. మన పాలమూరు, నల్లగొండ సీమలు అప్పుడు ఆ గోల్కొండ సుల్తానుల కిందే ఉన్నాయి. సరే, డబ్బున్నవాళ్లకు అందరి దగ్గరా లేని వస్తువు కావాలి. ఆ వస్తువు చారల తులిప్. తెల్ల రేకు మీద మంటల్లా ఎర్ర చారలుండే సెంపర్ అగస్టస్ అన్నిటికన్నా పేరు మోసింది. దాని గడ్డ ఒక్కటి 10,000 గిల్డర్లు (గిల్డర్ అంటే అప్పటి హాలండ్ నాణెం) పలికిందని చెబుతారు. ఆమ్‌స్టర్‌డామ్ కాలువ గట్టు మీద మంచి ఇల్లు ఆ ధరకే వచ్చేది. వడ్రంగి ఏడాది పొడవునా పనిచేస్తే 250, 300 గిల్డర్లు సంపాదించే రోజులవి.

చారలు ఎందుకొస్తాయో అప్పుడెవరికీ తెలియదు. ఈ ఏడు ఒకే రంగులో పూసిన గడ్డ వచ్చే ఏడు చారలు వేసుకునేది. 1928లో ఇంగ్లండ్‌లో డొరొతీ కేలీ అనే శాస్త్రవేత్త అది గడ్డ నుంచి గడ్డకు అంటే రోగమని పరిశోధించి చూపించింది. అది వైరస్. మోసుకొచ్చేది పేనుబంక, మన మిర్చి తోటల్లో ఆకులు ముడిచేసే జాతి కూడా ఆ పని చేస్తుంది. రోగం పట్టిన గడ్డ ఏటేటా బలహీనమై పిల్లగడ్డలు తక్కువ పెడుతుంది. అందుకే సరుకు ఎప్పుడూ కొరతే, ధర ఎప్పుడూ పైకే. జనం లక్షలు పోసి కొన్నది జబ్బు చేసిన మొక్కను! ఈ మాట చెప్పినప్పుడల్లా క్లాసులో వెనక బెంచీలు కూడా లేచి కూర్చునేవి.

ఇప్పుడు బేరాల సంగతి. గడ్డలు వేసవిలోనే తవ్వుతారు, మిగతా కాలం మట్టిలోనే ఉంటాయి. కాబట్టి చలికాలంలో కొనేది గడ్డ కాదు, కాగితం. రేపు తవ్వాక ఇస్తానన్న మాట. షాద్‌నగర్ దారిలో వెంచర్ ప్లాట్లు చూశావు కదా, రిజిస్ట్రేషన్ కాకముందే అగ్రిమెంటు కాగితం నలుగురి చేతులు మారుతుంది. అచ్చంగా అదే. బేరాలు సారా దుకాణాల్లో జరిగేవి. గడ్డను తూకానికి అమ్మేవాళ్లు, 'ఆస్' అని గ్రాములో ఇరవయ్యో వంతు కొలత. మట్టిలో గడ్డ పెరిగిన కొద్దీ బరువు పెరుగుతుంది, ధరా పెరుగుతుంది. అమ్మేవాడి దగ్గర గడ్డ లేదు, కొనేవాడి దగ్గర డబ్బు లేదు. అక్కడివాళ్లే దాన్ని గాలి బేరమన్నారు.

1637 ఫిబ్రవరి మొదటి వారంలో హార్లెం ఊరిలో వేలానికి కొనేవాళ్లు రాలేదు. విచిత్రం ఏమిటంటే అదే వారం, ఫిబ్రవరి 5న, ఆల్క్‌మార్ అనే మరో ఊళ్లో తండ్రి చనిపోయిన పిల్లల కోసం పెట్టిన వేలంలో గడ్డలు 90,000 గిల్డర్లు తెచ్చాయి. కబురు చేరడానికి రోజులు పట్టే కాలం కదా. తరువాత ధరలు కూలాయి, కొన్నామన్నవాళ్లు డబ్బు ఎగ్గొట్టారు. 1638లో హార్లెం పాలకులు ఒప్పుకున్న ధరలో నూటికి మూడున్నర వంతు కట్టి బేరం వదులుకోవచ్చని తీర్పిచ్చారు.

మసాలా ఎక్కడుందంటే, దేశమంతా దివాలా తీసిందని, నీళ్లలో దూకి చచ్చారని రాసేవాళ్లున్నారు. కోర్టు కాగితాలు, దస్తావేజులు వెతికిన ఇప్పటి చరిత్రకారులకు అలాంటివి దొరకలేదు. ఆ వ్యాపారంలో ఉన్నది కొన్ని వందల మంది, ఎక్కువమంది నష్టాన్ని తట్టుకోగల స్థితిమంతులు. చాలామందికి డబ్బు చేతులే మారలేదు, పోవడానికి. పోయింది మాటకున్న విలువ. పరీక్షలో రాయాల్సి వస్తే ఇది కూడా రాయి, మీ సార్ మార్కులు వేస్తారు.

ప్రశ్న: నాకు రెండెకరాల చెల్క ఉంది. పాలీహౌస్‌లో తులిప్ వేస్తే లక్షలొస్తాయని యూట్యూబ్‌లో చూశాను. అప్పు చేసి దిగమంటారా?
– రైతు, దేవరకొండ

జవాబు: వద్దు. పాలీహౌస్ వేడిని ఆపదు, ఇంకా పెంచుతుంది. చల్లబరిచే యంత్రాలు పెడితే కరెంటు బిల్లుకే పంట పోతుంది. పైగా గడ్డలు ఏటా కొత్తగా కొనాలి. అవి ఎక్కువగా నెదర్లాండ్స్ నుంచి దిగుమతి, రాయితీలు పోను కూడా ఖరీదే. గడ్డలు మన దేశంలోనే తయారు చేయాలని హిమాచల్‌లోని పాలంపూర్ హిమాలయ జీవసంపద పరిశోధన సంస్థ పని చేస్తోంది, కానీ అది చలికొండల పంట. ఢిల్లీలో రోడ్ల పక్కన ఫిబ్రవరిలో కనిపించేవి కూడా ఎక్కువగా దిగుమతి గడ్డలే, ఒక్క సీజన్‌కు పెట్టినవి.

గడ్డ పువ్వే వేయాలనుంటే మన దగ్గర లిల్లీ అని అమ్మే నేలసంపెంగ వేయండి. మీ చెల్కలో నీరు నిలవదు, అది దానికి బాగా నచ్చుతుంది. ఒకసారి నాటితే మూడేళ్ల దాకా కోసుకోవచ్చు, దండలకు గుడిమల్కాపూర్ మార్కెట్‌లో ఏడాది పొడవునా అడిగేవాళ్లుంటారు. బెంగళూరు ఉద్యాన పరిశోధన సంస్థ రకాల్లో శృంగార్, ప్రజ్వల్ విడిపూలకు మంచివి. శృంగార్ వేరుముడి నులిపురుగును కొంత తట్టుకుంటుంది. ఆ పురుగు మీ వైపు టమాట, వంగ వేసిన నేలల్లో ఎక్కువ కాబట్టి ముందు ఆ సంగతి చూసుకోండి. మొదటి ఏడు అర ఎకరమే వేయండి, పొద్దున్నే పువ్వు కోయడానికి మనుషులు దొరుకుతారో లేదో తేలాక పెంచుకోవచ్చు.

ప్రశ్న: ఫంక్షన్ల డెకరేషన్‌కు హైదరాబాద్ నుంచి తులిప్ కాడలు తెప్పిస్తున్నాం. సాయంత్రానికే తలలు వాల్చేస్తున్నాయి. ఏం చేయాలి?
– పూల డెకరేటర్, నల్లగొండ

జవాబు: మిగతా పూలకూ దీనికీ తేడా ఒకటుంది. తులిప్ కాడ కోసిన తరువాత కూడా పెరుగుతూనే ఉంటుంది, వెలుతురు ఎటుంటే అటు వంగుతుంది. కొన్ని వాలడం వాడిపోవడం కాదు, సాగడం. తెచ్చిన వెంటనే అడుగు కొస కొంచెం కోసి, కాగితంలో బిగుతుగా చుట్టి, చల్లటి నీళ్లలో రెండు గంటలు నిలబెట్టండి. స్టేజీ లైట్లకు దగ్గరగా పెట్టకండి. కుండీలో నీళ్లు నాలుగు వేళ్ల ఎత్తు చాలు.

గ్లాడియోలస్ కూడా వాడతారేమో, దానికి ఒక మాట. ఫ్లోరైడ్ ఉన్న నీళ్లలో పెడితే గ్లాడియోలస్ రేకుల అంచులు మాడతాయి, లీటరుకు ఒక మిల్లీగ్రాము ఉన్నా చాలు. నల్లగొండ బోర్ల సంగతి నేను మీకు చెప్పనక్కర్లేదు. పూలకైనా మంచి నీళ్లే పోయండి.

ప్రశ్న: మా కాలేజీ ముందు పెద్ద చెట్టుకు ఎర్రగా గుత్తులు పూస్తాయి. తులిప్ చెట్టు అంటారు. దాని కొమ్మ నాటితే తులిప్ వస్తుందా?
– ఇంటర్ విద్యార్థి, సూర్యాపేట

జవాబు: రాదు, ఆ చెట్టే వస్తుంది. అది ఆఫ్రికా నుంచి తెచ్చి రోడ్ల పక్క నాటిన స్పాథోడియా. పువ్వు గిన్నెలా ఉందని ఆ పేరు పెట్టారు, అంతకు మించి చుట్టరికం లేదు. దాని మొగ్గ నొక్కితే నీళ్లు చిమ్ముతాయని మీకు ఈపాటికే తెలిసి ఉంటుంది. లెక్చరర్ల మీద చిమ్మకండి.

ప్రశ్న: పోయిన జనవరిలో మా కుండీలో తులిప్‌లు పూశాయి. గడ్డలు తీసి దాచాను. మళ్లీ పూస్తాయా? పూయకపోతే అలాంటిది ఇంకేదైనా చెప్పండి.
– టీచర్, వనపర్తి

జవాబు: మీరు దాచినవి పోయినేటి గడ్డలు కావు. నాటిన గడ్డ పూసి చచ్చిపోతుంది. దాని పక్కన పుట్టిన పిల్లగడ్డలే మీ దగ్గరున్నవి. అవి లావెక్కాలంటే పూసిన తరువాత ఆకులు చల్లటి వాతావరణంలో చాలా వారాలు పచ్చగా ఉండాలి. వనపర్తిలో ఫిబ్రవరి చివరికే ఎండ ముదిరి ఆకులు పండిపోతాయి. అందుకే గడ్డలు వెల్లుల్లి పాయంత కూడా ఉండవు. మూడు నెలలు ఫ్రిజ్‌లో పెట్టి నాటినా ఒక్క ఆకు వేసి ఊరుకుంటాయి. పారేయండి. కొత్తవి కొంటారా లేదా మీ ఇష్టం.

ఇంకేదైనా అన్నారు కాబట్టి, సియామ్ తులిప్ పెట్టి చూడండి. పేరే తులిప్, అసలైతే మన పసుపుకు చెల్లెలు, థాయ్‌లాండ్ వైపు మొక్క. కాడ చివర గులాబీ రంగు రేకులు దొంతరగా లేస్తాయి. మన వానలు, ఉక్కపోత దానికి పండగే. మృగశిర కార్తె వెళ్లాక, తొలకరి పడ్డప్పుడు దుంపలు రెండంగుళాల లోతున నాటండి. ఎరువు బాగా వేయండి, సగం ఎండ చాలు. వానాకాలమంతా పూస్తుంది. చలికి ఆకులు ఎండిపోతే కంగారు పడి నీళ్లు పోయకండి, అది నిద్రపోతోంది. కుండీని నీడన పక్కకు జరిపి, మళ్లీ తొలకరి దాకా చుక్క నీరు పోయకుండా వదిలేయండి. దుంపలు లోపలే రెండింతలవుతాయి. పక్కింటివాళ్లు అడిగితే ఇవ్వడానికి కూడా మిగులుతాయి.